బల్లకట్టు మీద పడక

ఇది ఇంతకు ముందే రాయకపోవడానికి కారణం చిన్నది. అప్పటికి నాకు రాయడం రాదు.

జనగామలో మా నాయినకు చాలామంది పిల్లలం. మగపిల్లలు బడికి పోయారు, ఆడపిల్లలం బర్రెల వెంట పోయాం. దీని మీద మా ఇంట్లో ఎవరూ బాధపడలేదు. నేనూ పడలేదు. బడి నుంచి వచ్చే మా అన్న ముఖం కంటే మేత నుంచి వచ్చే బర్రె ముఖమే సంతోషంగా ఉండేది. తర్వాత నన్ను తొర్రూరు పక్క ఊరికి ఇచ్చారు. అక్కడ కూడా అక్షరాలతో పనిబడలేదు. వేలిముద్ర వేస్తే బియ్యం ఇచ్చేవాళ్లు. బస్సు ఎటు పోతుందో పక్కనున్న మనిషిని అడిగితే చెప్పేవాళ్లు, కొందరు నవ్వి చెప్పేవాళ్లు.

కరోనా వచ్చి బడులు మూసినప్పుడు ఫోన్లో పాఠాలు మొదలయ్యాయి. మా మనవరాలికి అప్పుడు ఒకటో తరగతి. పిల్ల ముందు ఫోను పట్టుకొని కూర్చోవడానికి ఇంట్లో ఖాళీగా ఉన్నది నేనొక్కదాన్నే. పిల్ల మధ్యలో లేచి ఆడుకోవడానికి పోయేది. ఫోను నా చేతిలో ఉంది కాబట్టి నేను పోలేకపోయేదాన్ని. అట్లా అ నుంచి మొదలుపెట్టి అన్నీ వచ్చాయి. కొన్నాళ్లకు పంతులమ్మ ఫోన్లోంచే, "నాయినమ్మా, రేపు మీరు కూడా పలక తెచ్చుకోండి" అంది.

అక్షరాలు వచ్చాక మొదట నా పేరు రాశాను. తర్వాత బస్సుల మీద ఊళ్ల పేర్లు చదివాను. ఆ తర్వాత మా ఊళ్లో చదవడానికి పెద్దగా ఏమీ లేదు. అందుకని రాయడం మొదలుపెట్టాను.

ఇది రాయడానికి ఇంకో కారణం ఉంది. తెలంగాణ కొట్లాట రోజుల్లో మా అత్త బొక్కలు, అంటే కాల్చాక మిగిలిన ఎముకలు, గంగలో కలపడానికి కాళేశ్వరం పోయి, రాత్రంతా పడవ మీద ఆరుబయట పడుకున్న సంగతి మా ఇంట్లో పెండ్లికీ చెబుతారు, చావుకూ చెబుతారు. ఎక్కువగా చెప్పేది మా బావ, అంటే మా ఆయనకు అన్న. ఆయన చెప్పే కథలో మొగుళ్లపల్లి వాగు ఉండదు. ఆయన కథలోంచి వాగును ఎట్లా తీశాడో తెలియదు. వాగు మాత్రం అక్కడే ఉంది.

ముందు పడక సంగతి చెప్పాలి.

జనగామలో మా నాయిన ఇల్లు రైలు స్టేషనుకు దగ్గర. మట్టి మిద్దె. ఎండాకాలం వచ్చిందంటే పిల్లలమంతా మిద్దె ఎక్కి పడుకునేవాళ్లం. వచ్చేది గూడ్సు బండా పాసింజరా అనేది నేను కళ్లు మూసుకొని చప్పుడును బట్టి చెప్పేదాన్ని. పెండ్లయిన నాటి నుంచి ఆకాశం కింద పడుకోవడం ఆగిపోయింది. మా అత్తగారింట్లో పద్ధతి ఏమిటంటే, ఎండాకాలం మగవాళ్లు వాకిట్లో పడుకుంటారు, అత్త వాకిట్లో పడుకుంటుంది, బర్రెలు వాకిట్లో పడుకుంటాయి, కోడలు లోపల పడుకుంటుంది. లోపలి గోడలు పగలంతా ఎండ తాగి రాత్రంతా కక్కేవి. నేను కిటికీ దగ్గర పడుకొని బర్రెలు గాలి పీల్చుకునే చప్పుడు వినేదాన్ని.

పెండ్లయి చాలా ఏండ్లయ్యాక, ఒక ఎండాకాలం, మా ఆయన మిరపకాయలు అమ్మడానికి ఖమ్మం పోయిన రాత్రి, నేను నా మంచం ఎత్తుకొచ్చి వాకిట్లో వేసుకున్నాను. మా అత్త లేచింది. మంచం మీద నేను ఉండగానే ఒక పక్క పట్టుకొని ఎత్తింది. నేను దిగాను. ఆమె మంచాన్ని లోపల పెట్టింది. నేను మళ్లీ బయట పెట్టాను.

"కోడలు ఆకిట్ల పంటే ఊరు నవ్వుతది" అంది.

"ఊరు పండుకున్నదత్తా. ఎవలు సూస్తరు?"

"నేను సూస్తున్న గద."

ఆమె మళ్లీ లోపల పెట్టింది. నేను మళ్లీ బయటికి తెచ్చాను. ఈసారి ఆమె నా మంచం మీద పడుకుంది. ఆమె మంచం ఖాళీగానే ఉంది. కానీ ఆమె మంచం మీద పడుకునే ధైర్యం ఆ రోజుల్లో మా ఊళ్లో ఎవరికీ లేదు. నేను లోపలికి పోయి నేల మీద పడుకున్నాను.

ఆ తెల్లారి నుంచి మేం మాట్లాడుకోలేదు. మాట్లాడుకోకపోతే ఇంట్లో పని ఆగుతుందని కాదు. మా దిక్కు అత్తాకోడళ్లకు పడకపోతే గోడతో మాట్లాడుకుంటారు.

"గోడా, బియ్యం అయిపోయినయని చెప్పు" అనేదాన్ని నేను.

"గోడా, మొన్ననే గద తెచ్చింది, తింటున్నరా పారబోస్తున్నరా అని అడుగు" అనేది ఆమె.

గోడ లేని చోట బర్రె దూడ. సాయంత్రం అయ్యేసరికి మా అత్త వాడ చివర ఎవరిదో అరుగు మీద కూర్చొని ఉండేది. నేను వంట చేసి, వాకిట్లో నిలబడి, దూడ ముఖం చూస్తూ, "ఓ దూడా, అన్నమైంది, రా" అని కేకేసేదాన్ని. దూడ కదిలేది కాదు. మా అత్త లేచి వచ్చేది. కొడుకులు దగ్గరికి పోయి బతిమాలితే, "మీరు తినుపోన్రి" అనే మనిషి, నా కేక వినగానే చెప్పులు వెతుక్కునేది. వచ్చి కూర్చొని, ముద్ద నోట్లో పెట్టకముందే, "గోడా, ఉప్పు తక్కువైందని చెప్పు" అనేది. ఎన్నో దూడలు పుట్టి పెరిగి బర్రెలయ్యాయి. పద్ధతి మారలేదు.

ఆఖరికి మంచాన పడ్డాక కూడా గంజి తాగించింది నేనే. గోడ చెబితేనే నోరు తెరిచేది. పోవడానికి ముందు కొడుకులిద్దరినీ పిలిచి, "నన్ను గంగల కలుప పోయేటప్పుడు దాన్ని గూడ తీస్కపోన్రి" అంది. "అది" అంటే నేను. మా దిక్కు బొక్కలు కలపడానికి ఆడవాళ్లు పోరు. ఎందుకవ్వా అని మా ఆయన అడిగితే ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. తోవలో వంట చేయడానికి కావొచ్చని మా బావ తేల్చాడు.

ఆమె పోయిన రోజుల్లో ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె నడుస్తోంది. బస్సులు బందు, బడులు బందు, ఆఫీసులు బందు. భూపాలపల్లిలో బొగ్గు బాయిలు బందు, దాంతో కరెంటు కూడా ఉన్నప్పుడే ఉండేది. మా అత్తకు ఇవేవీ అడ్డం కాలేదు, పోయింది. కాల్చిన మూడోనాడు బొక్కలు ఏరి చిన్న మట్టికుండలో వేసి, మూతికి తెల్లగుడ్డ కట్టారు. ఆ కుండను ఇంట్లోకి తేకూడదు, నేల మీద పెట్టకూడదు. పెరట్లో చింతచెట్టుకు వేలాడదీశారు. పదోనాడు అన్నం పెట్టే లోపల గంగలో కలపాలి. గోదావరిని మేం గంగ అనే అంటాం.

తొర్రూరులో మాకు ఎరుకైన ఒక సాయబు జీపు మాట్లాడుకున్నాం. ఇంట్లో ఉర్దూ, బండిలో తెలుగు మాట్లాడే మనిషి. కుండను సీటు మీద పెట్టకూడదంటే, "ఫికర్ చెయ్యకన్నా" అని జీపు పైకప్పు కడ్డీకి తాడు కట్టి వేలాడదీసి, "పెద్దమ్మను జర మెల్లగ తోల్కపోత" అన్నాడు. అన్నట్టే తోలాడు. సైకిళ్లు మమ్మల్ని దాటిపోయాయి.

మా ఇంటి పద్ధతి ఇంకొకటి ఉంది, ఈ కథంతా దాని మీదనే ఉంది. పోయిన మనిషి పారే నీళ్లను తనంతట తాను దాటదు. బొక్కలు తీసుకుపోయేటప్పుడు వాగు వచ్చిన చోటల్లా బండి ఆపి, ఇన్ని జొన్నలు నీళ్లలో వేసి, "అవ్వా, వాగచ్చింది, మేం దాటుతున్నం, నువ్వు గూడ రా" అని పిలవాలి. పిలవకపోతే మనిషి ఆ ఒడ్డునే ఆగిపోతుంది. కుండ ఒక్కటే ముందుకు పోతుంది. పిలవాల్సింది పెద్దకొడుకు. మా బావ తోవలో ఎన్ని వాగులున్నాయో విచారించి, వాగుకు ఒక ముడి చొప్పున తువ్వాలకు జొన్నలు ముడులు కట్టుకున్నాడు. గంగకు ఒక ముడి. మా బావ నెమ్మది మనిషి. ఎడ్లను అదిలించినా ఎడ్లకు వినపడేది కాదు. ఆకేరు వాగు దగ్గర ఆయన పిలిస్తే పక్కన నిలబడ్డ నాకు సగమే వినపడింది. అయినా పెద్దకొడుకు పిలుపు కాబట్టి సరిపోయిందనుకున్నాం.

పరకాల దాటాక పెద్ద రోడ్డు మీద చెట్లు కొట్టి అడ్డం వేశారు. సాయబు జీపును మొగుళ్లపల్లి దిక్కు మళ్లించాడు. పెద్ద రోడ్డు మీద దాటాల్సిన వాగే అక్కడా అడ్డం వచ్చింది. దాని మీద చిన్న కట్ట, కట్ట మీదుగా మోకాలి లోతున నీళ్లు పారుతున్నాయి. కట్ట ముందర మంది కూర్చొని ఉన్నారు. పొయ్యి పెట్టి వంట కూడా చేస్తున్నారు.

"ఏడికి?" అన్నాడు వాళ్లలో ఒకాయన.

"కాళేశ్వరం. మా అవ్వ బొక్కలు కలుప."

ఆయన వంగి కుండను చూశాడు. "పానమున్నప్పుడు తెలంగాణ గావాలె అన్నదా మీ అవ్వ?"

"పానమున్నప్పుడు ఆమె ఏదంటే మాకు అదే తెలంగాణ" అన్నాడు మా ఆయన.

వాళ్లు నవ్వారు. చావు బండిని ఆపం గాని జై కొట్టి పొమ్మన్నారు. మా బావ జీపు మెట్టు మీద నిలబడి, "జై తెలంగాణ" అన్నాడు. ఎవరికీ వినపడలేదు. ఇంకోసారి అనమన్నారు. ఈసారి వినపడింది. మంది అంతా తిరిగి అన్నారు. తన మాటకు అంతమంది బదులు పలకడం మా బావ పుట్టి పెరిగాక అదే మొదలు. ఆయన ముఖం మారిపోయింది. మళ్లీ అన్నాడు, మళ్లీ పలికారు. ఎవరో మెడలో కండువా వేశారు. జీపు మెల్లగా నీళ్లలోకి దిగింది, మంది అటూ ఇటూ నడుస్తున్నారు, మా బావ మెట్టు మీద నిలబడి, "మన నీళ్లు మనకు గావాలె" అని మాట్లాడటం మొదలుపెట్టాడు. నీళ్ల గురించి మాట్లాడుతూనే నీళ్లు దాటాడు. మా ఆయన కుండకు నీళ్లు చిందకుండా రెండు చేతులూ అడ్డం పెట్టుకొని కూర్చున్నాడు. మంది చప్పట్లు కొడితే నేనూ కొట్టాను. బాగా మాట్లాడాడు.

భూపాలపల్లి దాటి, అడవి దాటి కాళేశ్వరం చేరేసరికి పొద్దు వాలింది. ఒడ్డున మనుషులున్నారు, పడవలున్నాయి. కానీ పడవలన్నీ ఒకదానికొకటి తాళ్లతో కట్టి, ఒడ్డు నుంచి ఇసుక తిప్ప దాకా వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఒడ్డుకు దగ్గరగా ఒక బల్లకట్టు ఉంది, రెండు పెద్ద పడవలు కలిపి మీద చెక్కలు పరిచినది. మామూలు రోజుల్లో మోటారు సైకిళ్లనూ మేకలనూ మనుషులనూ అవతల మహారాష్ట్రకు దాటిస్తుంది. దాని మీద ఒక ముసలాయన కూర్చొని బీడీ తాగుతున్నాడు.

"కాకా, బొక్కలు కలుపాలె, సంగమం దాకా తీస్కపోతవా?" అని మా ఆయన అడిగాడు.

"ఇయ్యాల పోవు బిడ్డా. పడవల రోకో."

"పడవల రోకో ఏంది?"

"రోడ్డు మీదోళ్లు రోడ్డాపిన్రు. పట్టాల పొంటి ఉన్నోళ్లు రైలాపిన్రు. మా కాడ ఉన్నది గంగ. గంగను ఆపరాదు గదా, పడవలాపినం."

"ఎవలను ఆపిన్రు?"

ముసలాయన కట్టేసిన పడవల వైపు చూశాడు. "మమ్ములనే" అన్నాడు.

చూడటానికి ఎవరూ రాలేదు. అవతలి ఒడ్డు వేరే రాష్ట్రం, వాళ్లకు ఈ లొల్లితో పని లేదు. ఒక కొంగ మాత్రం వరసగా పడవలన్నిటి మీదా నడిచి చూసి పోయింది. తెల్లారి పొద్దు పొడిచేదాకా రోకో అని, పొద్దు పొడవంగనే మొదట మా అత్తనే తీసుకుపోతానని ముసలాయన చెప్పాడు. ఎట్లాగూ పొద్దుగూకాక గంగలో కలపరు. సత్రంలోకి కుండను రానివ్వరు. ఒడ్డున చెట్టుకు కడదామంటే అప్పటికే సమ్మెలో ఆగిపోయిన వేరేవాళ్ల కుండలు వేలాడుతున్నాయి. మా అత్తకు మందిలో పడుకోవడం నచ్చదు. ఏం చేయాలో తోచక నిలబడితే ముసలాయనే అన్నాడు:

"బల్లకట్టు మీదికి రాన్రి. మీరు గూడ రోకోల కూసున్నట్టయితది. మనుషులు తక్కువైన్రు."

జీపులో సాయబు పడుకున్నాడు. మేం ముగ్గురం బల్లకట్టు ఎక్కాం. ముసలాయన లాంతరు కట్టే వెదురు గడకు మా ఆయన కుండను కట్టాడు. చెక్కల మీద గోనె సంచులు పరిచి, ఆ కొసన మా బావ, నడుమ మా ఆయన, ఈ కొసన గడ కింద నేను. ముసలాయన తాళ్ల దగ్గర.

నాకు పడుకున్నాకే తెలిసింది నేను ఆరుబయట పడుకున్నానని. చెక్కలకు చేపల వాసన, డీజిల్ వాసన. కింద నీళ్లు రెండు పడవల నడుమ నుంచి పోతూ ఏదో నములుతున్నట్టు చప్పుడు చేశాయి. బల్లకట్టు ఒక్క చోటనే ఉండి మెల్లగా ఊగింది. మా నాయిన మిద్దె మీద ఎన్ని చుక్కలు వదిలిపెట్టి వచ్చానో అన్నీ ఉన్నాయి. అవతల మహారాష్ట్రలో కరెంటు వెలుగుతోంది. ఇవతల లేదు కాబట్టి చుక్కలు మా వైపే ఎక్కువ కనపడ్డాయి. చల్లగా గాలి వచ్చింది. వాకిట్లో పడుకుంటే ఇట్లా ఉంటుందని తెలిసే మా అత్త ఆ రోజు మంచం ఇవ్వలేదని అర్థమైంది.

నేను వెల్లకిలా పడుకొని తలపైన కుండను చూశాను. కోడలు ఆరుబయట పడుకుంది, అత్త చూస్తోంది. కాలు మీద కాలు వేసుకున్నాను. ఆమె ఏమీ అనలేదు. అన్నేండ్ల కొట్లాట అంత సులువుగా గెలుస్తానని అనుకోలేదు.

అప్పుడు మా బావ లేచి కూర్చున్నాడు. పక్కలో ఏదో గుచ్చుకుంటోందన్నాడు. తడిమి చూస్తే తువ్వాల ముడి. చీకట్లో వేళ్లతో తువ్వాలంతా తడిమాడు.

"ఏందన్నా?" అన్నాడు మా ఆయన.

"గంగకు ఒక్క ముడి మిగలాలె గద తమ్మీ."

"ఔ."

"రెండున్నయి."

మా ఆయన లేచి కూర్చొని అడిగాడు, "మొగుళ్లపల్లి కాడ పిలిచినవా?"

"పిలిచిన."

"ఏమని?"

"జై తెలంగాణ అని."

"అది అవ్వను పిలిచినట్టా?"

"అవ్వ గూడ తెలంగాణామెనే గద" అన్నాడు మా బావ. కానీ గొంతులో నమ్మకం లేదు.

ముసలాయన బీడీ ముట్టించుకుంటూ చీకట్లోంచి అన్నాడు, "జై అంటే అందరు. అవ్వా అంటేనే అవ్వ. పిలువకుంట నీళ్లు దాటియ్యద్దు బిడ్డా. ఆడనే కూసుంటది."

నేను కాలు మీది కాలు తీశాను. అంటే మా అత్త ఇక్కడ లేదు. మొగుళ్లపల్లి వాగు అవతల, ఎరుకైన మనిషి లేని ఊళ్లో, ఒడ్డున కూర్చొని ఉంది. పొద్దున ఉత్త కుండను గంగలో కలుపుతాం. ఇంటికి పోయి, రాని మనిషికి పదోనాడు అన్నం పెడతాం. ఆమె ఎన్నటికీ ఇంటికీ చేరదు, గంగకూ చేరదు. ఇది వాళ్లిద్దరి దుఃఖం. నాకు దాని మీద ఇంకొకటి. నేను గెలిచాననుకొని పడుకున్న పడకను చూసేవాళ్లు లేరు. చూసేవాళ్లు లేని చోట ఆరుబయట పడుకుంటే అది ఉత్త పడక.

"పొద్దున కుండను తీస్కొని ఎనుకకు పోదాం" అన్నాడు మా బావ.

"గంగ దాక అచ్చిన కుండను ఎనుకకు తిప్పుతరా? డీజిల్ ఏడున్నది? బంకులు బందు. ఇల్లు చేరేటంతనే ఉన్నదని సాయబు పొద్దుటి నుంచి మొత్తుకుంటనే ఉన్నడు" అన్నాడు మా ఆయన.

మా బావ లేచి బల్లకట్టు అంచు దాకా పోయి, నీళ్ల వైపు నోరు పెట్టి, "అవ్వా" అన్నాడు. పగలంతా జై కొట్టిన గొంతు, అసలు పలకలేదు. పడవ చెక్క రాసుకున్నట్టు వచ్చింది. మా ఆయన లేచి పిలిచాడు. ఆయనది మంచి గొంతే గాని తల్లిని పిలిచేసరికి నడుమనే తెగిపోయింది.

"గా పిలుపుకు కప్ప గూడ లేవది" అన్నాడు ముసలాయన. వెక్కిరింపుగా అనలేదు, ఉన్నది చెప్పాడు.

ఇద్దరూ వచ్చి కూర్చున్నారు. చాలాసేపటికి మా ఆయన అన్నాడు, "అన్నా, అవ్వ ఎన్నడన్న మన పిలుపుకు లేచిందా?"

ఇద్దరూ నా వైపు తిరిగినట్టు చీకట్లో తెలిసింది. తమ్ముడి పెండ్లాంతో మా బావ ముఖాముఖి మాట్లాడడు. ఆయన కూడా గోడ వాటమే. అందుకని నీళ్ల వైపు చూస్తూ అన్నాడు, "పెద్దకొడుకే పిలువాలె అంటరు. గాని పెద్దకొడుకుకు గొంతు పోయింది."

"గిందుకేనా దీన్ని తీస్కపొమ్మన్నది?" అన్నాడు మా ఆయన, తనలో తాను.

నేను దాని గురించి ఆలోచించలేదు. ఆలోచిస్తే గొంతు నాది కూడా తెగుతుంది. "గిప్పుడు పిలిస్తే రాదు" అన్నాను. "ఉత్తగ పిలిస్తే ఎన్నడచ్చింది? పొద్దున వండుత. అన్నం కాంగనే పిలుస్త."

"మొగుళ్లపల్లికి ఇనొస్తదా?" అన్నాడు మా బావ, నీళ్లతోనే.

"ఇనకుంటే అన్నం సల్లారుతది. గది ఆమెకు ఎరికే."

"అంత దూరం నడిసెటాల్లకు ఎంతసేపైతది? మోకాళ్ల నొప్పులాయె" అన్నాడు.

"పోయినోళ్లకు మోకాళ్లుంటయానయ్యా?" అన్నాడు ముసలాయన. "పండుకోన్రి."

వాళ్లు పడుకున్నారు. నేను కూడా పడుకున్నాను. ఆమె ఒకవేళ రాత్రే వస్తే గోనె సంచి లాక్కుంటుందని ముందే ఒక పక్కకు జరిగాను. ఎప్పుడు నిద్రపట్టిందో తెలియదు. జనగామ రైలు చప్పుడు వినపడితే అది గూడ్సు అని చెప్పాను గాని, లేచి చూస్తే గాలికి తాళ్లు గుంజుకుంటున్న చప్పుడు.

పొద్దున ముసలాయన రేకు డబ్బాలో ఇసుక పోసి దాని మీద మూడు రాళ్లు పెట్టి పొయ్యి ముట్టించాడు. రోడ్ల మీద కూర్చున్నవాళ్లు రోడ్డు మీదే వండుకొని తింటున్నారు కదా, గంగ మీద మనమెందుకు వండుకోవద్దు అన్నాడు. నేను గంగలో మునిగి వచ్చి, అన్నం వండాను, పప్పు చేశాను. ఉప్పు సరిగ్గానే వేశాను. చేయి అలవాటు.

అన్నం దించి, "మొగుళ్లపల్లి ఏ దిక్కు?" అని అడిగాను. ముసలాయన బీడీతో చూపించాడు. నేను ఆ అంచుకు పోయి నిలబడ్డాను. పిలవబోయేసరికి ఒక సంగతి ఎదురైంది. బల్లకట్టు మీద గోడ లేదు. దూడ లేదు. చుట్టూ చూశాను. ఒడ్డున జీపు ఉంది, అది దూరం. వెదురు గడ ఉంది, దానికి ఆమె కుండే ఉంది. మా ఆయన, మా బావ, ముసలాయన ముగ్గురూ నా నోటి వైపే చూస్తున్నారు. అన్నం ఆవిరి తగ్గిపోతోంది.

"అత్తా" అన్నాను. "అన్నమైంది. రా."

అన్నేండ్లు దూడ మీద వేసిన కేకే. తిప్ప మీది కొంగలు లేచాయి. పడవల్లో పడుకున్నవాళ్లు లేచి కూర్చున్నారు. అవతలి ఒడ్డున బట్టలు పిండుతున్న ఒకామె తలెత్తి చూసింది. ఆమె కూడా ఎవరికో కోడలే అయ్యుంటుంది. ఇంకోసారి పిలవలేదు. రెండోసారి పిలిస్తే మా అత్తకు కోపం వచ్చేది, నాకేం చెవుడా అని గోడను అడిగేది. మా బావ మొగుళ్లపల్లి ముడి విప్పి ఆ జొన్నలు ఆ దిక్కుకు చల్లాడు.

విస్తరిలో అన్నం పెట్టి కుండ కింద ఉంచాను. అందరం కూర్చున్నాం. అన్నం చల్లారేదాకా కూర్చోవాలని ఎవరూ చెప్పలేదు, కూర్చున్నాం. పొద్దు పొడిచింది. ముసలాయన లేచి తాళ్లు విప్పాడు. రోకో అయిపోయింది. చప్పట్లు ఎవరూ కొట్టలేదు. బల్లకట్టు మెల్లగా ఒడ్డు విడిచి సంగమం వైపు జరిగింది. వచ్చిందా అని మా ఆయన కళ్లతో అడిగాడు. నాకేం తెలుసు?

పిట్టకు, అంటే కాకికి, పెట్టాలని మా బావ విస్తరి ముందు కూర్చున్నాడు. బొక్కలు కలిపేదాకా ఆయన ఉపవాసం, రాత్రి నుంచి నోట్లో నీళ్లు కూడా పోసుకోలేదు. అన్నంలో పప్పు పోసి కలిపాడు. ముద్ద చేశాడు. ముద్దను చేతిలో అటూ ఇటూ తిప్పి, ఎవరి వైపూ చూడకుండా,

"ఉప్పు తక్కువైంది" అన్నాడు.

మా ఆయన అన్న ముఖం చూశాడు. మా బావ తన చేతిలోని ముద్దను చూసుకున్నాడు.

నేను లేచి పోయి గడకు కట్టిన ముడి విప్పాను. రాత్రి కట్టినప్పటి కంటే కుండ బరువుగా ఉందని రాస్తే ఎవరూ నమ్మరు. అంతే బరువుంది. కుండను పెద్దకొడుకు చేతుల్లో పెట్టి, "అచ్చింది. కలుపున్రి" అన్నాను.